తప్పు క్లిక్కులకే ఎక్కువ కష్టపడ్డ గేమ్

పాయింట్ అండ్ క్లిక్ గేముల్లో, అంటే తెర మీది వస్తువుల్ని క్లిక్ చేస్తూ పజిళ్ళు విప్పే గేముల్లో, నాకు ఒళ్ళు మండే మాట ఒకటుంది: "అది కుదరదు". ఏ వస్తువు తీసుకెళ్ళి దేని మీద పెట్టినా అదే జవాబు. మనం ఆలోచించి పెట్టామా, విసుగొచ్చి పెట్టామా అన్నది గేముకి అనవసరం. ఈ చిన్న లైట్‌హౌస్ గేముని నేను ఇన్నాళ్ళుగా మళ్ళీ మళ్ళీ తెరుస్తున్నానంటే, ఆ మాట ఇందులో దాదాపు వినపడకపోవడమే కారణం. బొమ్మలు, సంగీతం ఎలా ఉన్నాయో ట్రైలర్ చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది, వాటి జోలికి పోను.

రెండో అంకంలో దీపం చుట్టూ ఉన్న పెద్ద గాజు లెన్సు తిరగాలి. పాత లైట్‌హౌసుల్లో నిజంగానే గోడ గడియారంలోలా ఒక బరువు మెల్లగా కిందికి దిగుతూ లెన్సుని తిప్పేది. కాపలాదారు దాన్ని కొన్ని గంటలకోసారి మళ్ళీ పైకి చుట్టుకోవాలి. గేములో గొలుసు వేలాడుతుంటుంది, అది దేనికో ఎవరూ చెప్పరు. (ఇక్కడి నుంచి పజిల్ విప్పేస్తున్నాను, ఆడబోయేవాళ్ళు తర్వాతి పేరా దాటేయండి.)

ఎండిపోయిన రొట్టెని ఊరికే గొలుసుకి తగిలించాను. "ఇది బరువే, కానీ నా పళ్ళకి మాత్రమే" అంది గేములో మనం ఆడించే అమ్మాయి. నవ్వుతుండగానే తట్టింది, కావలసింది బరువు! ఖాళీ బకెట్ తగిలిస్తే "దీన్ని గాలే ఊపేస్తోంది" అంది. నీళ్ళు నింపి తగిలిస్తే లెన్సు కాస్త తిరిగి ఆగిపోయింది, "బకెట్ ఏడుస్తోంది" అంటూ అడుగున చిల్లు చూపించింది. పొడి ఇసుక పోశాను, అదీ కారిపోయింది. "సముద్రం పక్కన ఉండి పొడి ఇసుకే దొరికిందా" అని నన్నే దెప్పింది. తడి ఇసుక పోస్తే చిల్లు పూడుకుంది, లెన్సు తిరిగింది. ప్రతి తప్పుకీ ఒక్క మెట్టు పైకెక్కించిందన్నమాట, అదీ హింట్ ఇస్తున్నట్టు తెలియకుండా.

1999లో వచ్చిన గేబ్రియల్ నైట్ 3 అనే గేములో పిల్లి వెంట్రుకలతో దొంగ మీసం తయారుచేసే పజిల్‌ని జనం ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంటారు. అంత వింత పజిల్ అయినా సరే, పక్కదారి పట్టినప్పుడు ఇలాంటి దెప్పిపొడుపులు నాలుగు పడితే నేను సర్దుకుపోతాను.

"దాదాపు" అన్నాను కదా, అదెందుకో చెప్పాలి. చివరి అంకంలో "అది కుదరదు" ప్రత్యక్షమవుతుంది. రాసినవాళ్ళకి ఓపిక అయిపోయిందో, గడువే అయిపోయిందో! మొదటిసారి ఆడినప్పుడు కథ వేగంలో పట్టించుకోలేదు. తర్వాత ఆడినప్పుడల్లా అక్కడికొచ్చేసరికి ఉసూరుమంటోంది. పైగా ఒకసారి విన్న మాటల్ని క్లిక్ చేసి దాటేసే వీలు లేదు. ఆ రొట్టె జోకు కూడా ఇప్పుడు నాకు నవ్వు తెప్పించడం లేదు.

ఇంకో చిరాకు తెరది. గేమ్ గీసింది 320x180 పిక్సెళ్ళలో (పిక్సెల్ అంటే బొమ్మలోని ఒక్కో చుక్క). 1920x1080 తెర మీద ఒక్కో పిక్సెల్ సరిగ్గా ఆరింతలు అవుతుంది, బొమ్మ ముత్యంలా ఉంటుంది. నా పాత ల్యాప్‌టాప్ 1366x768. అందులో లెక్క సరిపోక కొన్ని పిక్సెళ్ళు లావుగా, కొన్ని సన్నగా సాగుతాయి. బల్ల మీది తాళంచెవి గీతలో గీతగా కలిసిపోయింది. క్లిక్ చేయగలిగే చోట్లన్నీ ఒకేసారి చూపించే మీట చాలా గేముల్లో ఉంటుంది, ఇందులో లేదు. సెట్టింగుల్లో ఇంటిజర్ స్కేలింగ్ (పిక్సెళ్ళని పూర్తి సంఖ్యల రెట్లలోనే పెంచడం) పెడితే బొమ్మ నాలుగింతల దగ్గర ఆగి, చుట్టూ నల్ల అంచు వస్తుంది. అలాగే ఆడుతున్నాను.

నాకు రాత్రిపూట ఓ అరగంట దొరికితే గొప్ప. కావాలని పిచ్చి పిచ్చి వస్తువులు కలిపి చూడటం నా సరదా. అందుకే ఇది నాకు నచ్చింది. వాక్‌త్రూ (పజిళ్ళకి జవాబులు వరసగా చెప్పే గైడు) పక్కన పెట్టుకుని ఒకే విడతలో ముగించేవాళ్ళకి ఈ మాటల్లో సగం కూడా వినపడవు, వాళ్ళు డిస్కౌంట్ వచ్చేదాకా ఆగొచ్చు. తెర చిన్నదైతే ముందు డెమో ఆడి చూడండి, ఆ తాళంచెవి డెమోలోనే ఉంది.