పాత చైన్ సాకి ఒరిజినల్ సామానా, చైనా సామానా, చచ్చిన మిషనా?

మా నందిగామ వైపు సుబాబుల్ కోతకి వచ్చిన ముఠా ఒకటి, పని ముగించుకుని పోతూ పోతూ ఒక పాత రంపం మిషను (చైన్ సా) మూడు వేలకి నాకు అంటగట్టింది. స్టిల్ కంపెనీది, మూత మీద 025 అని ఉంది. తాడు లాగితే పట్టు లేదు, వట్టి డబ్బాలా తిరుగుతోంది. గట్ల మీద చెట్లకి, వంట చెరుకుకి ఒకళ్ళని బతిమాలే పని తప్పుతుందిలే అని తీసుకున్నాను.

సామాను కోసం తిరిగితే మొదట విన్న మాట, 'ఆ మోడల్ ఇప్పుడు రావట్లేదండీ' అని. అది సగం నిజం. మిషను వస్తూనే ఉంది, పేరు మారింది. 025 తర్వాత ఎం.ఎస్. 250 అయింది, 018 ఎం.ఎస్. 180 అయింది. స్టిక్కరు చిరిగిపోయినా ఫర్వాలేదు, ప్లాస్టిక్ భాగాల లోపలి వైపు అచ్చులో నంబరు ఉంటుంది. మొదటి నాలుగంకెలే దాని ఇంటిపేరు. నాదానికి 1123. కొట్లో ఆ అంకెలు చెప్పాక మాట మారింది.

ఇక ఏ సామాను మేలు అంటే, ముందు సైలెన్సర్ విప్పి ఆ కంతలోంచి టార్చి వేసి పిస్టన్ చూడాలి. నున్నగా మెరుస్తుంటే మీ జబ్బు రబ్బర్లదీ కార్బొరేటర్‌దీ, ఖర్చు తక్కువ. నిలువుగా గీతలు పడి ఉంటే సిలిండర్ బోరు దాకా వెళ్ళాలి. నాదానికి గీతలున్నాయి.

ఇక్కడే మా మెకానిక్ 'బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేద్దాం సార్' అన్నాడు. సిలిండర్‌ని లోపల తొలిచి పెద్ద పిస్టన్ వేయడమన్నమాట, ఆయిల్ ఇంజన్ల అలవాటు. ఈ మిషన్లకి అది కుదరదు. సిలిండర్ అల్యూమినియం, లోపల పల్చటి గట్టి పూత. బోరింగ్ చేస్తే ముందు పోయేది ఆ పూతే. మరి దారేది? చైనా బోరు కిట్టు. సిలిండరు, పిస్టన్, రింగులు అన్నీ కలిపి, ఒక్క ఒరిజినల్ పిస్టన్ ధరకి అటూ ఇటూగా దొరికింది. వేశాం. మూడో వారానికి మళ్ళీ పట్టేసింది.

చైనా మాలు కదా అని కిట్టుని తిట్టుకున్నాను. విప్పి చూస్తే దాని తప్పు కాదు. ఇంజను లోపలి గాలి ఒత్తిడిని కార్బొరేటర్‌కి చేర్చే రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది, అది చీలి ఉంది. అక్కణ్ణుంచి దొంగగాలి పీల్చి, పెట్రోలూ అందులోని ఆయిలూ చాలక మొదటి పిస్టన్ పోయింది, రెండోదీ పోయింది. కోయకుండా ఖాళీగా తిరుగుతుండగా ఉన్నట్టుండి మిషను దానంతటదే అరవడం, పక్కకి వంచితే స్పీడు మారడం దీని లక్షణాలే. ఈ 1123 ఇంజను కింది భాగం రెండు ముక్కలుగా ఉండి గమ్ముతో అతుక్కుని ఉంటుంది, అక్కడా కారవచ్చు. గాలి వచ్చేదీ పొగ పోయేదీ రెండు ద్వారాలూ రబ్బరు ముక్కలతో మూసి, ఏడెనిమిది పీఎస్ఐ మించకుండా గాలి పెట్టి సబ్బు నీళ్ళు రాస్తే బుడగలే చెప్పేస్తాయి. ఇది చేయకుండా ఎంత ఖరీదైన పిస్టన్ వేసినా దండగే.

కనుక రబ్బర్లు, ఆయిల్ సీళ్ళ దగ్గర నా మాట ఒకటే: ఒరిజినల్. ధర చిన్నది, పోతే నష్టం పెద్దది. కార్బొరేటర్ మీద వాల్‌బ్రో అనో జామా అనో పేరుంటుంది, ఆ కంపెనీ డయాఫ్రం (లోపలి పల్చటి పొర) కిట్టే తీసుకోండి. మొత్తం చైనా కార్బొరేటర్ చౌకగా కనిపిస్తుంది, సెట్టింగ్ మాత్రం నాకు ఒక్క పూట కూడా నిలవలేదు.

పిస్టన్‌కి రెండోసారి ఏం చేశానంటే, పాత ఇనుము సంచిలోంచి అసలు సిలిండర్ వెతికి తీశాను. బోరుకి అంటుకున్నది కరిగిన పిస్టన్ అల్యూమినియమే, పూత లేచిపోలేదు. మరుగుదొడ్డి కడిగే ఆసిడ్ దూదితో, ఆ మచ్చల మీద మాత్రమే అద్దితే నురగలొచ్చి కరిగిపోయింది. తర్వాత సన్న ఎమెరీ కాగితం, దండిగా నీళ్ళు. ఆరుబయట, చేతి తొడుగులతో చేయండి, ఆ పొగ మంచిది కాదు. దానికి 42.5 మిల్లీమీటర్ల ఒరిజినల్ పిస్టన్ వేశాను. చైనా కిట్టు కన్నా నాకు ఇదే నచ్చింది.

చచ్చిన మిషను కొనడం మూడో దారి. హ్యాండిల్, మూతలు, ఫ్లైవీలు, కాయిల్ లాంటివి కొత్తవి కొంటే ఖరీదు, ఇలా వస్తే చవక. 021, 023, 025 మూడూ ఒకే 1123 ఇంటివి కాబట్టి పై డొక్క సామాను చాలావరకు కలుస్తుంది. 025 బోరు సైజు మాత్రం వేరు, మిగతా రెంటి బోరు తీసుకోవద్దు. రబ్బర్లు అసలే వద్దు, అవీ అదే వయసువి. చైన్ బ్రేకు బ్యాండు అరిగి ఉంటే కొత్తదే వేయండి, అక్కడ పొదుపేమిటి?

బార్ (చైను తిరిగే పట్టీ), చైను ఏ మంచి కంపెనీదైనా సరే. పిచ్ (చైను లింకుల మధ్య కొలత), గేజ్ (బార్ గాడిలో కూర్చునే లింకు మందం) బార్ మీదే కొట్టి ఉంటాయి, లింకులు మనం లెక్కపెట్టుకోవాలి. నాది 0.325 అంగుళాల పిచ్, దానికి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి. స్టార్టర్ తాడుకి కొట్టు చుట్టూ తిరగక్కర్లేదు, అదే మందం నైలాన్ తాడు చాలు.

ఇదంతా ఎందుకు, ఆన్‌లైన్‌లో ఆరేడు వేలకి కొత్త 58 సీసీ చైనా మిషనే వస్తుంది కదా అని మా బావమరిది వాదన. పూత లేచిన సిలిండర్ ఉన్నవాళ్ళకి, ఏడాదికి నాలుగు రోజుల పని ఉన్నవాళ్ళకి ఆయన మాటే సరి. ఆ బాపతు మిషన్లన్నీ అన్నదమ్ములే కనుక సామాను ఎక్కడైనా దొరుకుతుంది. బరువు ఎక్కువ, చేతులు లాగేస్తాయి, అంతే. సిలిండర్ పూత బాగుందంటే మాత్రం నేను పాతదాని వైపే. లీటరుకి 20 మిల్లీలీటర్ల మంచి టూ-స్ట్రోక్ ఆయిల్ కలుపుతున్నాను. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కదా, కోత అయ్యాక ట్యాంకు వంపేసి, గొట్టంలో మిగిలింది కూడా అయిపోయి ఇంజను ఆగేదాకా తిప్పి గానీ అటక ఎక్కించను.