మిర్చి యార్డు లెక్కలకి ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ: ఏడాది వాడాక

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చా, పైథాన్‌లో, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. పైథాన్ కోడ్ నుంచి ఆ డేటాబేస్‌తో మాట్లాడటానికి ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ అనే లైబ్రరీ పెట్టి ఏడాదైంది. 2006 నుంచి ఉన్న లైబ్రరీనే గానీ 2023లో 2.0 వచ్చాక క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) రాసే పద్ధతి మారింది, నెట్‌లో పాత కోడ్ చూసి కాపీ కొడితే తికమకే.

సీజన్లో స్క్రీన్ నత్తనడక నడిచింది, గుమస్తా గారేమో "ఏవండీ, చేత్తో రాసుకుంటే ఈపాటికి అయిపోయేదిగా" అన్నారు. తప్పు నాదేలెండి. 300 లాట్లు, ఒక్కోటి ఒక్కో రైతుది, లేజీ లోడింగ్ (అడిగినప్పుడే డేటా తెచ్చే పద్ధతి) కదా, లాట్ల లిస్టుకి ఒకటి, ఆపైన రైతు పేరు అడిగినప్పుడల్లా ఇంకో క్వెరీ వెళ్తా మొత్తం 301 అయినయ్. వెళ్ళే క్వెరీలన్నీ చూపించే ఎకో ఆన్ చేస్తే గానీ తెలీలా. రైతుల వివరాలన్నీ ఒకేసారి తెచ్చే సెలెక్టిన్‌లోడ్ పెట్టాక రెండంటే రెండే.

జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) వాడేవాళ్ళు ఇటు రావక్కర్లా, దాని ఓఆర్ఎం (టేబుల్స్‌ని పైథాన్ క్లాసుల్లా వాడుకునే పద్ధతి) చాలు, మైగ్రేషన్లూ (టేబుల్స్‌లో మార్పులు చేసే స్క్రిప్టులు) అందులోనే. దీనికైతే మైగ్రేషన్లకి అలెంబిక్ అనే టూల్ విడిగా వేసుకోవాలి, అదేమో కాలమ్ పేరు మారిస్తే పాతది తీసేసి కొత్తది పెట్టమని రాసిద్ది, చూసుకోకుండా రన్ చేస్తే డేటా గోవిందా!

పెద్ద రిపోర్టులకి నేరుగా డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లోనే రాసేస్తున్నా, అదీ ఇందులోనే కుదురుద్ది. 5కి 4 ఇస్తా.