హంగరీ దారా, చెక్ దారా: ఏది మేలు?

1848లో వియన్నా నుంచి ఏలే ఆస్ట్రియా చక్రవర్తి కింద డజను దాకా జాతులుండేవి. హక్కుల కోసం అందరూ లేచారు గానీ, హంగేరియన్లు ఒక దారి పట్టారు, చెక్‌లు ఇంకో దారి పట్టారు.

హంగరీలో తిరుగుబాటు నాయకుడు కొషూత్ కత్తి దూశాడు. 1849 ఏప్రిల్‌లో దెబ్రెత్సెన్‌లో స్వాతంత్ర్యం ప్రకటించారు. రష్యా జార్ సైన్యం దిగడంతో ఆగస్టుకల్లా అంతా అయిపోయింది. అక్టోబరు 6న అరాద్‌లో 13 మంది హంగరీ సేనానులను ఆస్ట్రియా వాళ్లు చంపేశారు. చివరికి పని చేసింది కత్తి కాదు, రాజీ మాటలతో నెట్టుకొచ్చిన హంగరీ నాయకుడు దెయాక్ మొండి ఓపిక. 1866లో ప్రష్యా చేతిలో ఆస్ట్రియా చిత్తయ్యాక, 1867లో హంగరీకి సొంత పార్లమెంటు, సొంత మంత్రివర్గం వచ్చాయి.

చెక్ చరిత్రకారుడు పలాత్స్కీ లెక్క వేరు. ఆస్ట్రియా పోతే చిన్న జాతులను రష్యా మింగేస్తుందని ఆయన భయం. అందుకే సామ్రాజ్యం లోపలే ఉండి సమాఖ్య అడిగాడు. అది రాలేదు. చెక్‌లు బడులు, పత్రికలు, నాటకశాల పెట్టుకునే పనిలో పడ్డారు. ప్రాగ్ జాతీయ నాటకశాల పునాదికి 1868లో ఊరూరి కొండల నుంచి రాళ్లు తెచ్చారు. 1881 జూన్‌లో తెర లేచింది, ఆగస్టులో కాలిపోయింది! జనం 47 రోజుల్లో పది లక్షల గుల్డెన్లు (అప్పటి ఆస్ట్రియా నాణేలు) పోగు చేశారు, 1883లో మళ్లీ తెరిచారు. వేదిక పైన ‘జాతి తనకోసం తానే’ అని రాసి ఉంటుంది. ఈలోగా 1882లో ప్రాగ్ యూనివర్సిటీ చెక్, జర్మన్ అని రెండుగా చీలింది. కానీ 1897లో చెక్‌ల ప్రాంతమైన బొహీమియా ఆఫీసర్లకు రెండు భాషలూ రావాలని ఆస్ట్రియా ప్రధాని బదేనీ ఆర్డర్ వేస్తే, జర్మన్లు చేసిన గొడవకు ఆయన పదవే పోయింది. రెండేళ్లకు ఆర్డరూ పోయింది.

త్వరగా, ఎక్కువగా దక్కింది ఎవరికి అంటే హంగరీకే, అనుమానం లేదు. కానీ ఆ గెలుపు కింద, హంగరీ ఏలుబడిలో ఉన్న ఇతర జాతులను అడిగి చూడండి. హంగరీ 1868 చట్టంలో ఆ జాతుల భాషలకు హక్కులు రాసిపెట్టారు, కాగితం మీద. 1874, 75ల్లో స్లొవాక్‌ల మూడు హైస్కూళ్లు మూయించారు, వాళ్ల సాంస్కృతిక సంస్థ మాటిత్సానూ మూసేశారు. 1892లో ట్రాన్సిల్వేనియా రొమేనియన్లు చక్రవర్తికి అర్జీ పట్టుకెళ్తే, ఆయన చదవకుండానే బుడాపెస్ట్‌లోని హంగరీ ప్రభుత్వానికి పంపించాడు. 1894లో ఆ నాయకులను జైల్లో పెట్టారు. నిన్న తాము అడిగినదే కదా వీళ్లూ అడిగింది!

అందుకే నా ఓటు చెక్ దారికే, కాస్త తటపటాయిస్తూనే. చెక్‌ల మరో ప్రాంతమైన మొరేవియాలో 1905లో చెక్, జర్మన్ ఓటర్ల జాబితాలు వేరు చేసి, రెండు పక్షాలూ ఓ రాజీకి వచ్చాయి. గొప్ప పరిష్కారం కాదు, కానీ ఎవరి బడీ మూతపడలేదు. తటపటాయింపు ఎందుకంటే, 1918లో చెక్‌లకు సొంత దేశం వచ్చేసరికి అందులో 30 లక్షలకు పైగా జర్మన్లున్నారు, వాళ్లను అడిగి ఎవరూ కలపలేదు.