బీబీఏ బిజినెస్ అనలిటిక్స్ అని చేర్పించుకుని మార్కెటింగ్ సెక్షన్ల కూసోపెట్టిండ్రు, అడ్మిషన్లు చూసేటోళ్ళు జర పైలం

నిన్న సోమవారం, 2024 నవంబర్ 4న జరిగింది ఇది. రాత్రి షిఫ్ట్‌ల కూడ బుర్రల ఇదే తిరుగుతుంటే ఇగ రాసి పడేద్దామని కూసున్న, తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

కాలేజ్ పేరు రాయట్లే. చెల్లె టీసీ, టెన్త్ మెమో, ఇంటర్ మెమో మూడూ ఇంకా వాళ్ళ బీరువాలనే ఉన్నయి కాబట్టి. జూన్‌ల హైదరాబాద్ సిటీ మొత్తం మెట్రో పిల్లర్లకు బోర్డులు పెట్టినోళ్ళే, సగం మందికి ఇప్పటికే అర్థమైపోయుంటది.

మాది కరీంనగర్. చెల్లె ఇంటర్ సీఈసీ, మంచి మార్కులే. 200 రూపాయలు కట్టి దోస్త్‌ల (డిగ్రీ అడ్మిషన్ల ఆన్‌లైన్ పోర్టల్) అప్లై చేస్తే ఊర్లనే గవర్నమెంట్ కాలేజ్‌ల బీకాం కంప్యూటర్స్ సీటు వచ్చింది. వద్దన్నది ఎవడు? నేనే. బీకాం చేసి నేనేం పొడిచిన, నువ్వన్న జర పనికొచ్చే కోర్సు చెయ్యి అని పెద్ద అన్నలెక్క మాట్లాడి, ఆ బోర్డు మీద బీబీఏ బిజినెస్ అనలిటిక్స్ (వ్యాపారం డేటాను లెక్కగట్టి చూసే కోర్సు) చూసి నంబర్‌కి కాల్ చేసిన. అంతే, ఇగ రోజుకు మూడు సార్లు ఫోన్లు. అడ్మిషన్ మేడమ్, నా కన్న చిన్నదే ఉంటది, "అన్నా సీట్లు అయిపోతున్నయ్ అన్నా, అనలిటిక్స్‌లో ఇంక ఆరే ఉన్నయ్ అన్నా" అని. బాపు మూడు లక్షల చిట్టీ పాట పాడి ముప్పై వేలు పోగొట్టుకుని ఎత్తిండు. ఫీజు 1,85,000, హాస్టల్ 1,10,000. చిట్టీ పైసల మీద ఇంకో పాతిక వేలు నేనేసి కట్టినం.

ఇంత వరకు మామూలే, మీ ఇండ్లల్ల కూడ జరిగేదే.

దీపావళికి చెల్లె ఇంటికొచ్చింది. రాత్రి భూచక్రాలు కాలుస్తుంటే మెల్లగ చెప్పింది, "అన్నా, మాకు అనలిటిక్స్ తీసేసిండ్రు, మార్కెటింగ్ వాళ్ళతోటి కలిపిండ్రు" అని. ఎప్పుడు తీసేసిండ్రే అంటే దసరా సెలవులు అయిపోయి కాలేజ్‌కి పోంగనే బోర్డు మీద కాగితం ఉన్నదట. అనలిటిక్స్‌ల చేరింది మొత్తం 23 మంది, 40 మంది అయితేనే సెక్షన్ నడుపుతరట. (జూన్‌ల ఆరే సీట్లు మిగిలినయ్ అన్న మేడమ్ లెక్క ఏ ఎక్సెల్‌ల వేసిందో మరి.) అప్పుడే ఎందుకు చెప్పలే అంటే, నీకు అక్టోబర్ 15 డెడ్‌లైన్ ఉన్నది గదా అన్నా, తర్వాతనేమో నువ్వు మంచిగ నిద్రపోయి ఎన్ని దినాలైందో అని ఊకున్న అన్నది. నేను గచ్చిబౌలిల యూఎస్ ట్యాక్స్‌ల చేస్త. ఎక్స్‌టెన్షన్ (గడువు పొడిగింపు) పెట్టుకున్న అమెరికా వాళ్ళ 1040 ట్యాక్స్ ఫారంలు అక్టోబర్ 15 లోపల ఫైల్ కావాలె, ఆ నెల మొత్తం నేను మనిషిని కాను. అది దానికి తెలుసు.

శుక్ర, శని, ఆదివారం ఇంట్ల అందరం మొహాలు చూసుకుంట గడిపి, సోమవారం పొద్దున షిఫ్ట్ దిగి నిద్ర లేకుండనే ఇద్దరం క్యాంపస్‌కి పోయినం.

జూన్‌ల ఇదే ఆఫీస్‌ల ఏసీల కూసోపెట్టి బాదం పాలు ఇచ్చిండ్రు, అమ్మకు షుగర్ అంటే ప్రత్యేకంగ టీ తెప్పిచ్చిండ్రు. నిన్న రెండు గంటల పది నిమిషాలు వరండాల, చెల్లె నిలబడి నేను మెట్ల మీద. లోపలికి పిలిచినంక ఆ మేడమే. నన్ను చూసి "ఎస్ సార్, ఏ బ్యాచ్?" అన్నది. అన్న పోయి సార్ వచ్చింది. నేనే మేడమ్, కరీంనగర్, మీరే చేర్పిచ్చిండ్రు గదా అంటే, "రోజుకి చాలా మంది వస్తారు సార్, గుర్తుండరు" అని ఫైల్ తెప్పిచ్చింది.

అప్లికేషన్ ఏడో పేజీ తీసి నా దిక్కు తిప్పి, పెన్ను మూత పెట్టి ఒక లైన్ చూపిచ్చింది. కనీసం 40 మంది లేకపోతే స్పెషలైజేషన్ రద్దు చేసి వేరే దాంట్లకు మార్చే హక్కు సంస్థకు ఉంటుంది అని, చీమ తలకాయంత అక్షరాలు. కింద గార్డియన్ సంతకం. నాదే. నీట్‌గ డేట్ కూడ వేసిన.

సరే, తప్పు నాదే, మాకు ఈ కోర్సు వద్దు, క్యాన్సిల్ చేయుండ్రి అన్న. అప్పుడు చెప్పింది చూడుండ్రి, యూజీసీ అంటే యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ. "యూజీసీ రూల్ ఉంది కదా సార్. సెప్టెంబర్ 30 లోపు అయితే ఫుల్ రిఫండ్, అక్టోబర్ 31 లోపు అయితే వెయ్యి రూపాయలు కట్ చేసి మొత్తం ఇచ్చేసేవాళ్ళం. గురువారం వచ్చినా పనైపోయేది."

గురువారం అంటే దీపావళి. పండుగ రోజు మీ ఆఫీస్ తెరిచి ఉన్నదా మేడమ్ అన్న. "మెయిల్ పెట్టాల్సింది సార్" అన్నది. మాకు ఆ రూల్ ఉన్నట్టు ఎవరన్న చెప్పిండ్రా అన్న. అప్పుడు నవ్వింది. నవ్వి, పక్క సీట్ల ఆమె దిక్కు ఒక చూపు చూసి, "మీరు చేసేది యూఎస్ ట్యాక్స్‌లోనే కదా సార్, డెడ్‌లైన్ల గురించి మీకు నేను చెప్పాలా?"

రెండు నిమిషాల ముందల నేనెవరో గుర్తు లేదన్నది ఈమెనే. నేనేం పని చేస్తనో మాత్రం గుర్తున్నది. జూన్‌ల మాటల మీద నేనే చెప్పిన అది, ఆమె అప్పుడు "అయితే మీకు కెరీర్ల గురించి చెప్పేదేముంది అన్నా, మీకే అన్నీ తెలుసు" అని ఉబ్బిచ్చింది, నేను ఉబ్బిన. ఆ మాటనే నాలుగు నెలలు దాచిపెట్టి చెల్లె ముందర నా మొహాన కొట్టింది. పైసలు పోయినయన్న బాధ ఒక ఎత్తు, ఆ నవ్వు ఒక ఎత్తు. చెల్లె నా చెయ్యి గుంజి "పోదాం పా అన్నా" అన్నది, లేకుంటే నిన్న ఏదో ఒకటి అయ్యేది.

ఇంకా కోపం ఏందంటే ఆమె తప్పేం మాట్లాడలే. ముక్కూ మొహం తెలియని అమెరికా వాళ్ళ ఫారంల కింద ఫుట్‌నోట్ కూడ వదలకుండ చదువుత, ఒక పైసా తేడా వస్తే రివ్యూల పడ్త. సొంత చెల్లె ఫారం ఏడో పేజీ చదవలే. బాదం పాలు తాగుకుంట సంతకం పెట్టిన.

నోటీస్ మీద తారీఖు సెప్టెంబర్ 27 ఉన్నది. పిల్లలు చూసింది దసరా తర్వాత. ఎందుకు సెప్టెంబర్ 27 వేసిండ్రో, 30 లోపు అనే రూల్ పక్కన పెట్టుకుని మీరే ఆలోచించుకోండి.

బయటికి వచ్చేటప్పుడు ఇంకో మాట, "మార్కెటింగ్‌కి కూడా మంచి స్కోప్ ఉంది సార్". ఆ బ్రోచర్ ఇంకా నా బ్యాగ్‌లనే ఉన్నది. మధ్య పేజీల ఒక టేబుల్, ఎడమ దిక్కు మేజర్ (అంటే స్పెషలైజేషన్), కుడి దిక్కు కెరీర్. ఫైనాన్స్ అంటే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్, మార్కెటింగ్ అంటే బ్రాండ్ మేనేజర్, హెచ్ఆర్ అంటే హెచ్ఆర్ మేనేజర్, అనలిటిక్స్ అంటే డేటా సైంటిస్ట్. మధ్యల బాణం గుర్తులు. ఆ బాణాలు గీసినోడు హైదరాబాద్‌ల ఒక్క రోజన్న ఉద్యోగం చేసి ఉండడు.

నేను తొమ్మిదేండ్లుగ చూస్తున్న కాబట్టి చెప్త. డిగ్రీ ఫైనాన్స్‌తోటి ఇక్కడ దొరికేది ఫండ్ అకౌంటింగ్, రీకన్సిలియేషన్ (రెండు దిక్కుల లెక్కలు సరిచూసుడు), కేవైసీ చెకింగ్ (కస్టమర్ల గుర్తింపు కాగితాలు చూసుడు), లేకుంటే బ్యాంకుల అకౌంట్లు తెరిపిచ్చే సేల్స్. మంచివే, నేను తక్కువ చేసి మాట్లాడట్లే, కానీ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్ సీట్లకు సీఏలు, ఐఐఎం వాళ్ళు లైన్‌ల ఉంటరు. హెచ్ఆర్ అంటే ముందల రిక్రూటర్, మా ఫ్రెండ్ ఒకడు యూఎస్ స్టాఫింగ్‌ల రాత్రంతా బెంచ్ సేల్స్ కాల్స్ (ప్రాజెక్ట్ లేక ఖాళీగ ఉన్న ఐటీ వాళ్ళకు పని చూసేవి) చేసి గొంతు పోగొట్టుకున్నడు. మార్కెటింగ్ అంటే మొదటి రెండేండ్లు టార్గెట్, బండి, పెట్రోల్ బిల్లులు. బ్రాండ్ మేనేజర్ అయ్యేటోళ్ళు ఎక్కువ పెద్ద ఎంబీయేలకెల్లే వస్తరు. అనలిటిక్స్ అంటే ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ అనే డేటా టూల్స్ వస్తే ఎంఐఎస్ రిపోర్టుల (మేనేజర్లకు లెక్కలు తయారు చేసి ఇచ్చే) ఉద్యోగం వస్తది, అవి అమీర్‌పేటల కొన్ని నెలలల్ల నేర్పుతరు. డేటా సైంటిస్ట్ కావాలంటే లెక్కలు, స్టాటిస్టిక్స్ గట్టిగ కావాలె, చెల్లెకు మొదటి సెమ్‌ల ఉన్నది ఒక్క ఎక్సెల్ పేపర్, ల్యాబ్‌కి పోయింది రెండే సార్లు. ఇదంతా జూన్‌ల కూడ తెలుసు నాకు! తెలిసి తెలిసి, ఆ బాణం గుర్తులు చూసి మా చెల్లె వేరే అనుకున్న.

పైగ "ఏఐసీటీఈ అప్రూవ్డ్" (టెక్నికల్, మేనేజ్‌మెంట్ కోర్సులను చూసే కేంద్ర సంస్థ) అని బంగారం రంగుల పెద్దగ అచ్చేసిండ్రు. బీబీఏ, బీసీఏలను ఏఐసీటీఈ తన కిందికి తెచ్చుకున్నదే ఈ 2024-25 నుంచి. అది మెడల్ ఏం కాదు. ఇగ ఎంబీయేకి బీబీఏ ఉంటేనే ప్లస్ అన్నరు. ఎంబీయే ఎంట్రన్స్‌లు ఐసెట్ అయినా క్యాట్ అయినా ఏ డిగ్రీ వాళ్ళైనా రాయొచ్చు, ఊర్ల బీకాం చేసి కూడ రాసేది.

సర్టిఫికెట్లు అడిగితే మూడేండ్ల ఫీజు కడితేనే టీసీ అంటున్నరు. ఒరిజినల్స్ అట్ల పెట్టుకోవద్దని యూజీసీ 2018లనే చెప్పింది. నిన్న మధ్యాహ్నం ఇంటికొచ్చి యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌ల కంప్లైంట్ పెట్టిన, నోటీస్ ఫోటో, ఏడో పేజీ ఫోటో, ఆ బ్రోచర్ పేజీ అన్ని అప్‌లోడ్ చేసిన. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి కూడ ఫోన్ చేసిన, కంప్లైంట్ నంబర్ ఇచ్చిండ్రు. చూడాలె. బాపుకు వెయ్యి రూపాయల సంగతి ఇంకా చెప్పలే, నాలుగు రోజుల తేడాతోటి అని తెలిస్తే ఆయన నన్ను ఏమనడు, అదే ఎక్కువ.

ఇగ మీరు, చేర్చే ముందల కనీసం ఎంత మంది ఉంటే సెక్షన్ నడుపుతరో అడుగుండ్రి, కాగితం మీద రాయిచ్చుకోండ్రి. పోయినేడు పాసైన పిల్లల మెమో ఒకటి చూపెట్టమనుండ్రి, దాని మీద ఒట్టి బీబీఏ అనే ఉన్నదా మేజర్ పేరు ఉన్నదా తెలుస్తది. ఆ ఏడాది యూజీసీ రిఫండ్ తారీఖులు ఫోన్ల రిమైండర్ పెట్టుకోండ్రి. ఒరిజినల్స్ చూపెట్టి జిరాక్సులే ఇయ్యుండ్రి. పిల్లలకు, అన్న బిజీ ఉన్నా సరే ఫోన్ చెయ్యమని చెప్పుండ్రి.

ఇదే కాలేజ్‌ల ఆ మిగిలిన 22 మంది ఇండ్లల్ల ఎవరన్న ఇది చదువుతుంటే నాకు మెసేజ్ పెట్టుండ్రి, ఆ సెప్టెంబర్ 27 నోటీస్ మీ పిల్లలు ఏ రోజు చూసిండ్రో అందరం కలిసి రాసిద్దాం. క్యాబ్ వచ్చింది, షిఫ్ట్‌కి పోతున్న.