ఒక్క కార్డుతో ఏడాదిన్నర క్యూలోరా: వాడాక తెలిసినవి

24 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఒకటి, 700 కోట్ల పారామీటర్ల భాషా మోడల్ ఒకటి. ఏడాదిన్నరగా నా ఫైన్-ట్యూనింగ్ (తయారైన మోడల్‌కి నా డేటాతో మరికొంత నేర్పించడం) అంతా ఈ రెండింటితోనే. మోడల్ మొత్తాన్నీ ట్రైన్ చేయాలంటే వెయిట్లు (మోడల్ లోపలి అంకెలు, అవే పారామీటర్లు), గ్రేడియెంట్లు (వాటిని ఎటు మార్చాలో చెప్పేవి), ఆడమ్ ఆప్టిమైజర్ దాచుకునే లెక్కలు కలిపి 100 జీబీ దాటుతుంది, అది మన వల్ల కాదు. 2023లో వచ్చిన క్యూలోరా (QLoRA) అనే పద్ధతి అసలు వెయిట్లని 4 బిట్లకి కుదించి, వాటిని ముట్టుకోకుండా, పక్కన తగిలించిన చిన్న అడాప్టర్లకి మాత్రమే నేర్పిస్తుంది కాబట్టి నా కార్డులో పట్టేస్తోంది.

ట్రైనింగ్ జాబ్ సెటప్ చేయడం అరగంట పని. దాన్ని నమ్మడానికే నాకు నెలలు పట్టింది.

మొదటి జాబ్‌లో లాస్ (మోడల్ ఎంత తప్పుతోందో చెప్పే అంకె) చక్కగా దిగింది. తీరా ప్రశ్న అడిగితే జవాబు చెప్పి ఆగదే! తనే ఇంకో ప్రశ్న వేసుకుని, దానికీ జవాబిచ్చుకుని, అలా వాగుతూనే ఉంది. రెండు రాత్రులు లెర్నింగ్ రేటుతో (ఒక్కో అడుగులో ఎంత మార్పు చేయాలో చెప్పే అంకె) కుస్తీ పట్టాను. చివరికి విసుగొచ్చి ఒక బ్యాచ్‌ని ప్రింట్ చేసి చూస్తే, లేబుల్స్‌లో (మోడల్ నేర్చుకోవాల్సిన జవాబులో) జవాబు ముగిసే చోట ఉండాల్సిన 2 (నా మోడల్‌లో ముగింపు టోకెన్ నంబరు; టోకెన్ అంటే మోడల్ చదివే పదం ముక్క) బదులు -100 (దీన్ని లెక్కలోకి తీసుకోవద్దనే గుర్తు) ఉంది. ఎక్కడో చూసి కాపీ కొట్టిన ఒక్క లైనులో ప్యాడింగ్ టోకెన్‌గా (పొడవులు సమానం చేయడానికి నింపేది) ముగింపు టోకెన్‌నే పెట్టేశాను. ప్యాడింగ్‌ని లాస్ లెక్కలోంచి తీసేస్తారు కదా, దాంతోపాటు అసలు ముగింపు కూడా పోయింది. ఎక్కడ ఆగాలో నేర్పకుండా ఆగలేదని తిట్టుకున్నానన్నమాట. ప్యాడింగ్‌కి వేరే టోకెన్ ఇచ్చి మళ్లీ నడిపితే నోరు మూసుకుంది.

కొన్నాళ్లకి తెలుగు డేటాతో అదే రోగం తిరగబెట్టింది, కారణం మాత్రం వేరు. చాలా టోకెనైజర్లు (వాక్యాన్ని టోకెన్లుగా విడగొట్టేవి) తెలుగు పదాన్ని ముక్కలు ముక్కలు చేస్తాయి, నేను పెట్టిన 1,024 టోకెన్ల పరిమితి దాటిన జవాబుల తోకలన్నీ, వాటితోపాటు ముగింపు టోకెన్లూ తెగిపోయాయి. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు.

అందుకే ఇప్పుడు స్టార్ట్ నొక్కేముందు ఒక నమూనాని తిరిగి అక్షరాల్లోకి మార్చి మొదటి నుంచి చివరిదాకా చదువుతాను, తర్వాత 20 ఉదాహరణలే ఇచ్చి బట్టీ పట్టిస్తాను. అవే రాకపోతే 10,000 ఇచ్చి ఏం లాభం?

సెట్టింగుల గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. లెర్నింగ్ రేటు 0.0002తో మొదలుపెడతాను. ర్యాంక్ (అడాప్టర్ సైజు) 16 నుంచి 64కి పెంచినా నా పనిలో తేడా కనిపించలేదు, అడాప్టర్లని అటెన్షన్ లేయర్లతో సరిపెట్టకుండా లీనియర్ లేయర్లన్నిటికీ తగిలించినప్పుడు మాత్రం కనిపించింది. మూడో ఇపాక్‌కి (డేటా మొత్తాన్ని మూడోసారి చూపించేటప్పటికి) వాలిడేషన్ లాస్ (ట్రైనింగ్‌లో చూపని డేటా మీద లాస్) ఎదురు తిరుగుతుంది, రెండుతో ఆపేస్తాను.

చిరాకులు లేకపోలేదు. ప్రతి అడుగులో 4 బిట్ల వెయిట్లని మళ్లీ 16కి విప్పాలి కాబట్టి వెయిట్లని కుదించని మామూలు లోరా కంటే నెమ్మది. లైబ్రరీ వెర్షన్ మారితే ఆర్గ్యుమెంట్ల పేర్లు మారిపోతాయి, పాత స్క్రిప్టు కదలదు. మాట తీరు, ఫార్మాట్ బాగా పడతాయి గానీ కొత్త విషయాలు గుర్తుపెట్టుకుంటుందని నమ్మి దింపితే ధీమాగా తప్పులు చెబుతుంది. ఆ పనికి నేను దీన్ని వాడటం మానేశాను.