జ్వాలాపురం చేలల్లో రాతి పనిముట్లు: మకాం ఎక్కడ, చూపు ఎక్కడ

బాణపు ములికి అంటే తోకా రెక్కలూ ఉన్న ముక్కోణపు రాయే అనుకుని బయల్దేరితే కర్నూలు వైపు నుంచి వట్టి చేతులతో రావాల్సిందే. ఇక్కడివి గోరంత బ్లేడులు, అంటే చెర్టు, కాల్సెడొనీ అనే గట్టి, నున్నని రాళ్ల నుంచి కొట్టి తీసిన సన్నని పొడుగు పెచ్చులు. ఇలాంటివాటిని కర్రకు అతికించి ములికిగా, బరిసె అంచుగా వాడేవారు. బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో రాతిచరియ కింద తవ్వితే ఇవి 35 వేల ఏళ్ల కిందటి నుంచే ఉన్నట్టు తేలింది.

మకాంకి మా ఓటు బనగానపల్లెకే. నంద్యాలలో గదులు మెరుగే గానీ పొద్దున 7 కల్లా చేలో ఉండలేం. ఏటవాలు ఎండలోనే రాళ్ల మీది చెక్కుళ్లు (పెచ్చు ఊడిన గుర్తులు) కనబడతాయి, 9 దాటితే అన్నీ రాళ్లే. యాగంటి సత్రాలు దగ్గరే, కానీ కార్తీకంలో, శివరాత్రికి ఆశ వదులుకోండి. బెలుం గుహలు చూడాల్సినవే, ఈ పనికి మాత్రం దూరాభారం. నంద్యాల–ఎర్రగుంట్ల లైనులో బనగానపల్లెకి రైళ్లు తక్కువ, బస్సే నయం. ఆటో వెయిటింగుతో కలిపి మాట్లాడుకోండి. నీళ్లు, టిఫిను ముందే కట్టించుకోండి.

జ్వాలాపురంలోని తెల్లని బూడిద పొర సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం ఎగజిమ్మింది. దాన్ని తవ్వుకుపోయిన గోతుల అంచులు గుల్లగా ఉంటాయి, దగ్గరికి పోవద్దు.

పెచ్చు దొరికితే పక్కవెలుతురులో తిప్పి చూడండి. దెబ్బ పడిన చోట చిన్న చదును, దాని కిందే ఉబ్బు, అక్కణ్నుంచి అలల్లా గీతలు: మూడూ ఉంటే చాలామటుకు మనిషి పనే. వీపున (ఉబ్బు లేని వైపు) సమాంతరంగా గట్లుంటే బ్లేడు. ఒక అంచును కావాలని మొద్దు చేసి ఉంటే సన్నని చెక్కుళ్లు ఎడం లేకుండా, నిటారుగా, వరసగా ఉంటాయి. గోటికి గరగరా తగులుతాయి. ఎక్కువగా మోసం చేసేది ట్రాక్టరు డిస్కు: గాట్లు ఎడాపెడా పడతాయి, లోపలి రంగు తాజాగా ఉంటుంది. మంట సెగకు ఎగిరిన గుండ్రటి గుంటలకు దెబ్బ చోటే ఉండదు.

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1884–85లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వకాల్లో బయటపడినవి ముఖ్యంగా జంతువుల ఎముకలు. రాతి పనిముట్ల కోసం అక్కడికి వెళ్లక్కర్లేదు. కన్ను కుదరాలంటే ఆయన సేకరణ ఉన్న చెన్నై ఎగ్మూరు మ్యూజియం మేలు.

దొరికింది జేబులో వేసుకోవద్దు. స్కేలు పెట్టి రెండు వైపులా ఫొటో, లొకేషన్ తీసుకుని ఉన్నచోటే వదిలేయండి. చేను ఆసామిని అడిగే దిగండి. గడ్డపార అసలు వద్దు, గుప్తనిధుల బ్యాచ్ అనుకుంటారు.