జట్టు రంగుల్లో మోడల్ కారు: కిట్, స్ప్రే, డెకాల్ కాగితం ఎలా పనిచేస్తాయి

అభిమాన జట్టు రంగులు, నంబరు, చిహ్నం వేసిన మోడల్ కారును బహుమతిగా ఇవ్వాలనుకునేవాళ్లు ఖర్చంతా కిట్ (విడి ప్లాస్టిక్ భాగాలుగా వచ్చే, మనమే కూర్చుకునే మోడల్) మీద పెట్టేస్తుంటారు. బహుమతి అందుకున్నవాళ్ల కన్ను మాత్రం తలుపు మీది చిహ్నం దగ్గర, రెండు రంగులు కలిసే గీత దగ్గర ఆగుతుంది. బానెట్ ఎత్తి ఇంజిన్‌లో గొట్టాలు లెక్కపెట్టేవాళ్లు అరుదు. అందుకే ఇక్కడ కిట్ గురించి తక్కువ, రంగు, డెకాల్ (నీళ్లలో ముంచి కాగితం నుంచి జరిపి అతికించే పలచటి ముద్రిత బొమ్మ) గురించి ఎక్కువ.

కిట్: 1/24 స్కేల్, అంటే అసలు కారులో 24వ వంతు, సరిపోతుంది. నాలుగున్నర మీటర్ల కారు ఈ స్కేల్‌లో దాదాపు 19 సెం.మీ. వస్తుంది, తలుపు మీద 20 మి.మీ. ఎత్తు నంబరు హాయిగా పడుతుంది. ఇంజిన్ లేని, బానెట్ తెరుచుకోని కిట్ తీసుకోండి. పక్కలు చదునుగా ఉన్న పాతకాలపు సెడాన్ గానీ వ్యాన్ గానీ అయితే మరీ మంచిది. గాలి రంధ్రాలూ ఒంపులూ నిండిన స్పోర్ట్స్ కారు పెట్టె మీద అందంగానే ఉంటుంది, చిహ్నం అతికించేటప్పుడు ఏడిపిస్తుంది. బాడీ ప్లాస్టిక్ తెల్లదై ఉండాలి. ఎర్ర ప్లాస్టిక్ మీద తెలుపు కొడితే అడుగు రంగు పైకి ఊరి తెలుపు కాస్తా గులాబీ అవుతుంది.

రంగు వేసే ముందు బాడీని పాత్రలు తోమే సబ్బుతో కడగాలి. అచ్చు నుంచి ఊడిరావడానికి రాసిన జిడ్డు మిగిలితే రంగు అక్కడక్కడ పట్టదు. అచ్చు అతుకు గీతల్ని 400, తర్వాత 800 నంబరు గరుకు కాగితంతో (శాండ్‌పేపర్) తీసేయాలి. తలుపుల చుట్టూ ఉన్న గాడుల్ని సూదిమొనతో కాస్త లోతు చేసుకోండి. లేకపోతే ప్రైమర్ (రంగు పట్టేందుకు ముందు కొట్టే పూత), రెండు రంగులు, క్లియర్ (చివర వేసే రంగులేని పూత) అన్నీ పడేసరికి అవి పూడిపోతాయి.

స్ప్రేలలో టామియా టీఎస్ వరుస ఈ పనికి నమ్మదగింది. లాకర్ (ఘాటైన ద్రావకం ఉన్న రంగు) రకం, 100 మి.లీ. డబ్బా, త్వరగా ఆరుతుంది, పొర పలచగా పరుచుకుంటుంది. అదే సంస్థ పీఎస్ వరుస పాలికార్బనేట్ ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) కార్ల బాడీల కోసం చేసింది, ప్లాస్టిక్ కిట్ మీద వాడకూడదు. డబ్బాలు చూడ్డానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్షరాలు చూసి కొనండి. టీఎస్‌తో అసలు ఇబ్బంది రంగుల ఎంపిక. జట్టు నీలానికి అచ్చంగా సరిపోయే డబ్బా దొరకకపోవచ్చు. మూత రంగును నమ్మకుండా, ప్రైమర్ కొట్టిన ప్లాస్టిక్ చెంచా మీద వేసి ఆరాక పోల్చుకోండి. కింది పూత కూడా రంగును మారుస్తుంది. పసుపు, ఎరుపు తెల్ల ప్రైమర్ మీదే వెలుగుతాయి, బూడిద మీద మురికిగా కనిపిస్తాయి.

లేత రంగు ముందు, ముదురు తర్వాత. 20 నుంచి 25 సెం.మీ. దూరం నుంచి రెండు మూడు పలచని పూతలు వేయాలి. మొదటి రంగు కనీసం ఒక రోజు ఆరాకే టేపు వేయాలి. ఒంపు గీతలకు 2 లేక 3 మి.మీ. సాగే టేపుతో అంచు కట్టి, వెనక భాగాన్ని వెడల్పు టేపుతో మూయండి. టేపు అంచు మీద ముందు లేత రంగునే మరోసారి చిలకరిస్తే, కిందికి పాకేదేదో ఆ రంగే పాకుతుంది. దాని మీద ముదురు రంగు కొట్టి టేపు తీస్తే గీత కత్తితో కోసినట్టు వస్తుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజున మాత్రం స్ప్రే ముట్టుకోవద్దు. లాకర్ తెల్లగా మసకేస్తుంది.

ఇక డెకాల్. ఇంక్‌జెట్ డెకాల్ కాగితం రెండు రకాలు, పారదర్శకం, తెల్లది. ఇంట్లో వాడే ప్రింటర్‌లో తెల్ల ఇంకు ఉండదు, మిగతా ఇంకులు పారదర్శకం. అంటే పారదర్శక కాగితం మీద ముద్రించిన పసుపు చిహ్నాన్ని నీలం తలుపుకు అతికిస్తే ఆకుపచ్చగా మారుతుంది, తెల్ల అక్షరాలు మాయమవుతాయి. అన్నిటికన్నా తేలిక మార్గం డిజైన్‌లోనే ఉంది: తలుపుల మీద తెల్ల పట్టీ వదిలి, అక్కడ పారదర్శక డెకాల్ వేయడం. ముదురు రంగు మీదే కావాలంటే తెల్ల కాగితం తప్పదు. అప్పుడు చిహ్నం చుట్టూ ఒక మి.మీ. మందం గీత ముద్రించి ఆ గీత మధ్యలోంచి కత్తిరించాలి. తెగిన అంచుకు అదే రంగు మార్కర్ తాకించకపోతే తెల్ల అంచు దూరం నుంచే పట్టిస్తుంది.

డెకాల్ కాగితం వృథా చేయకుండా ముందు మామూలు కాగితం మీద అసలు కొలతలో ముద్రించి, కత్తిరించి, బాడీకి టేపుతో అంటించి చూడండి. ఒక మి.మీ. కంటే చిన్న అక్షరాలు ఇంక్‌జెట్‌లో అలుక్కుపోతాయి, అవి తీసేయడమే మేలు. ముద్రించాక కొన్ని గంటలు ఆరనిచ్చి పలచటి యాక్రిలిక్ క్లియర్ రెండు మూడు పూతలు వేయాలి. ఈ పూత లేకపోతే నీళ్లలో పెట్టగానే ఇంకు కారిపోతుంది. మరీ మందంగా వేస్తే డెకాల్ బిరుసెక్కి తలుపు గాడిలోకి దిగదు. లేజర్ ప్రింటర్‌కు ఈ బెడద లేదు, కాకపోతే కాగితం లేజర్ రకమే కొనాలి.

పది ఇరవై సెకన్లు నీళ్లలో ముంచి, తడి టిష్యూ మీద ఒక నిమిషం ఉంచితే డెకాల్ దానంతటదే కదులుతుంది. బాడీ మీద మైక్రో సెట్ (డెకాల్ బాగా అంటుకునేందుకు రాసే ద్రవం) రాసి, జరిపి, నీళ్లూ బుడగలూ మధ్యలోంచి అంచుకు తోసేయండి. ఒంపుల దగ్గర మైక్రో సాల్ అనే మరో ద్రవం రాయండి. దీంతో పొర మెత్తబడి కాసేపు ముడతలు పడుతుంది. కంగారుపడి వేలు పెడితే చిరుగుతుంది, వదిలేస్తే సర్దుకుంటుంది. ఇంట్లో ముద్రించిన డెకాల్‌కు మాత్రం ముందు పనికిరాని ముక్క మీద పరీక్షించండి, కొన్ని పొరలు దీని దెబ్బకు తట్టుకోవు.

పైన టీఎస్-13 క్లియర్ గాజులా మెరుస్తుంది. దీని ద్రావకం ఘాటైనది, మొదటే తడిగా కొడితే డెకాల్ ముడుచుకుంటుంది. మంచులా రెండు మూడు సార్లు చిలకరించి, ఒక్కోసారికి పదిహేను నిమిషాలు ఆగి, ఆ తర్వాతే తడి పూత వేయాలి. వారం ఆరాక 2000 నంబరు గరుకు కాగితంతో, తర్వాత కాంపౌండ్‌తో (మెరుగుపెట్టే పేస్టు) రుద్దాలి. కొసల దగ్గర రుద్దవద్దు, అక్కడే రంగు లేచిపోయేది.

కూర్పులో చిక్కులు తక్కువే. క్రోమ్ ముక్కలకు జిగురు తగిలే చోట పూత గీకేయాలి, లేకపోతే ప్లాస్టిక్ జిగురు పట్టదు. కిటికీ అద్దాలకు సూపర్ గ్లూ వద్దు, ఆవిరికి తెల్లబడతాయి. ఆరితే పారదర్శకమయ్యే తెల్ల జిగురు చాలు.

బహుమతి రోజుకు మూడు వారాల ముందే మొదలుపెట్టండి. క్లియర్ పూర్తిగా గట్టిపడకుండా కాగితం చుడితే దాని ముద్ర పడిపోతుంది. మూత ఉన్న డిస్‌ప్లే పెట్టెలో ఛాసిస్‌ను (కారు అడుగు చట్రం) కింద నుంచి స్క్రూతో బిగించండి. దారిలో మొదట ఊడేవి పక్క అద్దాలు. వాటికి 0.5 మి.మీ. తీగ పిన్ను గుచ్చి అతికిస్తే నిలుస్తాయి.